అమెరికాకు గోల్డ్.. అమ్మానాన్నల దేశానికి కప్పు! ఒక్క బాస్కెట్‌తో లిథువేనియాను ఊపేసిన ఫ్రాంక్ లుబిన్ ఎవరో తెలుసా?

ఒక్క పాయింట్.. ఒకే ఒక్క పాయింట్ తేడా! 1939 మే నెల. లిథువేనియాలోని కౌనస్ నగరం. కొత్తగా కట్టిన స్పోర్ట్స్ హాల్ జనంతో కిక్కిరిసిపోయింది. యూరప్ బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ మొదలైన రోజే ఆతిథ్య జట్టుకు గట్టి పరీక్ష. ఎదురుగా ఉన్నది పక్క దేశం లాత్వియా. ఆట ఆఖరి క్షణాల్లోకి వచ్చేసింది. అప్పుడు బంతి ఓ పొడుగాటి మనిషి చేతికి అందింది. అతను దాన్ని బుట్టలో వేశాడు. అంతే.. లిథువేనియా 37, లాత్వియా 36!

ఆ బంతి వేసిన మనిషి పుట్టింది లిథువేనియాలో కాదు, అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో. అంతకు మూడేళ్ల ముందే ఒలింపిక్స్‌లో అమెరికా జెర్సీ వేసుకుని గోల్డ్ మెడల్ గెలిచినవాడు కూడా అతనే. ఇప్పుడు మాత్రం లిథువేనియా జట్టుకు ఆటగాడూ అతనే, కోచూ అతనే. అమెరికాలో అతని పేరు ఫ్రాంక్ లుబిన్. లిథువేనియాలో ప్రానాస్ లుబినాస్.

ఇంతకీ అతను ఎవరివాడు? అమెరికా వాడా, లిథువేనియా వాడా? ఈ ప్రశ్న మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవలోకి వెళ్లే ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

లాస్ ఏంజెలెస్ కుర్రాడు

1910 జనవరి 7న లాస్ ఏంజెలెస్‌లో లుబిన్ పుట్టాడు. తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వలస వచ్చినవాళ్లు. అప్పటికి ప్రపంచ పటంలో లిథువేనియా అనే దేశమే లేదు. అది రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. 1864 నుంచి 1904 వరకు సొంత భాషను సొంత లిపిలో అచ్చు వేసుకోవడం మీద కూడా నిషేధం ఉండేది. పేదరికం, సైన్యంలో బలవంతపు చేరిక, ఈ ఆంక్షలు.. ఇలా రకరకాల కారణాలతో లక్షల మంది సముద్రం దాటి అమెరికా చేరారు. చికాగోలో అయితే వీళ్లది పెద్ద కాలనీయే. లుబిన్ కుటుంబం మాత్రం దూరంగా కాలిఫోర్నియాలో స్థిరపడింది. లిథువేనియా స్వతంత్రం ప్రకటించుకున్నది 1918 ఫిబ్రవరి 16న. అంటే అమ్మానాన్నల దేశం కంటే కొడుకే వయసులో ఎనిమిదేళ్లు పెద్ద!

కుర్రాడు తాడిచెట్టులా ఎదిగాడు. 6 అడుగుల 7 అంగుళాలు. ఈ రోజుల్లో బాస్కెట్‌బాల్‌లో ఇది పెద్ద వింతేమీ కాదు. కానీ 1920ల్లో అలాంటి మనిషి వీధిలో నడిస్తే జనం ఆగి చూసేవాళ్లు.

అప్పటి రూల్ ఒకటి చెప్పుకోవాలి. ఇప్పుడు బాస్కెట్ పడగానే పాయింట్ ఇచ్చిన జట్టు గీత బయట నుంచి బంతి అందుకుని ఆట మొదలుపెడుతుంది కదా? అప్పుడు అలా కాదు. బాస్కెట్ పడిన ప్రతిసారీ బంతిని మళ్లీ కోర్టు మధ్యలోకి తెచ్చి, రిఫరీ పైకి ఎగరేసేవాడు. రెండు జట్ల పొడుగువాళ్లు ఎగిరి దాన్ని తమవైపు తట్టాలి. కాబట్టి జట్టులో ఒక్క పొడుగాటి సెంటర్ ఉన్నాడంటే బంతి ఎక్కువసేపు ఆ జట్టు దగ్గరే. లుబిన్ లాంటివాడి విలువ ఎంతో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

అతను చేరింది యూసీఎల్ఏ యూనివర్సిటీలో. ఆ పేరు వినగానే బాస్కెట్‌బాల్ అభిమానులకు కోచ్ జాన్ వుడెన్, ఆయన గెలిచిన పది జాతీయ టైటిళ్లు గుర్తొస్తాయి. కానీ లుబిన్ ఆడిన కాలం వేరు. అప్పటి కోచ్ క్యాడీ వర్క్స్ వృత్తిరీత్యా లాయర్. పగలంతా కోర్టు పనులు చూసుకుని, సాయంత్రం వచ్చి జట్టును చూసుకునేవాడు. ఆట లోతుపాతులు ఆయనకు పెద్దగా తెలియవని లుబినే తర్వాత ఒప్పుకున్నాడు. అంటే కుర్రాళ్లు చాలావరకు తమంతట తామే నేర్చుకోవాల్సిన పరిస్థితి. రేపు ఇంకో దేశంలో కోచ్‌గా నిలబడాల్సిన మనిషికి ఇదీ ఒకరకం శిక్షణే అనుకోవాలి!

ఫ్రాంకెన్‌స్టైన్ వేషంలో..

చదువు అయిపోయింది. తర్వాతేంటి? ఎన్‌బీఏ అప్పటికి లేదు, దాని తొలి రూపం 1946లో గానీ రాలేదు. ఆట మీద బతకాలంటే ఒకటే దారి.. కంపెనీ జట్టు. మన దగ్గర రైల్వేలు, బ్యాంకులు ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చి జట్టులో ఆడించుకున్నట్టే, అమెరికాలో నూనె శుద్ధి కంపెనీలు, టైర్ల కంపెనీలు, చివరికి సినిమా స్టూడియోలు కూడా జట్లు నడిపేవి. పేరుకు అందరూ అమెచ్యూర్లే. పగలు కంపెనీ పని, రాత్రి ఆట.

లుబిన్‌కు హాలీవుడ్‌లోని యూనివర్సల్ పిక్చర్స్ స్టూడియోలో పని దొరికింది. ఆ స్టూడియోనే 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా తీసి హారర్ సినిమాలకు కొత్త దారి చూపింది. ఇక జట్టులో ఆరున్నర అడుగులు దాటిన మనిషి ఉంటే పబ్లిసిటీ వాళ్లు ఊరుకుంటారా? మ్యాచ్‌కు ముందు లుబిన్‌కు ఆ రాక్షసుడి మేకప్ వేసి జనం ముందుకు పంపేవాళ్లు. ప్రేక్షకులకు వినోదం, సినిమాకు ప్రచారం. ఆ తర్వాత మేకప్ తీసేసి అదే మనిషి ఆడేవాడు. తర్వాతి రోజుల్లో ఒక దేశానికి హీరో కాబోయే ఆటగాడి కెరీర్‌లో ఇదొక విచిత్రమైన చాప్టర్.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను తొలిసారి మెడల్ ఈవెంట్‌గా చేర్చారు. అమెరికా జట్టును ఎంపిక చేయడానికి న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ట్రయల్స్ టోర్నీ పెట్టారు. ఫైనల్లో యూనివర్సల్ జట్టు, కాన్సస్ రాష్ట్రానికి చెందిన మెక్‌ఫర్సన్ నూనె శుద్ధి కంపెనీ జట్టును 44–43తో ఓడించింది. ఇక్కడా ఒక్క పాయింటే తేడా! దాంతో 14 మంది ఒలింపిక్ జట్టులో ఏడుగురు యూనివర్సల్ వాళ్లు, ఆరుగురు మెక్‌ఫర్సన్ వాళ్లు, వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి ఒకరు చోటు దక్కించుకున్నారు.

గెలిచారు సరే, బెర్లిన్‌కు వెళ్లడానికి డబ్బులేవీ? స్టూడియో చేతులెత్తేసింది. ఆటగాళ్లే విరాళాలు పోగేసుకోవాల్సి వచ్చింది. పైగా హిట్లర్ జర్మనీలో జరిగే ఒలింపిక్స్‌ను బాయ్‌కాట్ చేయాలా వద్దా అని అమెరికాలో పెద్ద చర్చ నడుస్తోంది. యూనివర్సల్ జట్టులోనే శామ్ బాల్టర్ అనే యూదు ఆటగాడు ఉన్నాడు. చివరికి అందరూ కలిసే వెళ్లారు.

బురదలో ఫైనల్

బెర్లిన్‌లో ఇంకో చిక్కు ఎదురైంది. 190 సెంటీమీటర్లు దాటిన ఆటగాళ్లను అసలు ఆడనివ్వకూడదని అంతర్జాతీయ సమాఖ్య రూల్ పెట్టబోయింది. అది అమల్లోకి వస్తే లుబిన్ బెంచీకే పరిమితం. అతనొక్కడే కాదు.. జో ఫోర్టెన్‌బెరీ, విల్లర్డ్ ష్మిట్ లాంటి ఇంకా పొడుగువాళ్ల పరిస్థితీ అంతే. అమెరికా గట్టిగా అభ్యంతరం చెప్పింది. దాంతో సమాఖ్య వెనక్కి తగ్గింది.

ఆట ఎక్కడ పెట్టారో తెలుసా? ఆరుబయట, మట్టి టెన్నిస్ కోర్టుల మీద! ఒక్కో మ్యాచ్‌కు జట్టులో ఏడుగురికే అనుమతి. అందుకే అమెరికా 14 మందిని వంతులవారీగా దింపింది. తొలి ప్రత్యర్థి స్పెయిన్ సొంత దేశంలో అంతర్యుద్ధం మొదలవడంతో రాలేదు. తర్వాత ఎస్తోనియా మీద 52–28, ఫిలిప్పీన్స్ మీద 56–23, మెక్సికో మీద 25–10 స్కోరుతో గెలిచి అమెరికా ఫైనల్ చేరింది.

ఆగస్టు 14న కెనడాతో ఫైనల్. ఆ రోజు కుండపోత వర్షం. కోర్టు కాస్తా బురదగుంట అయిపోయింది. బంతి కింద కొడితే పైకి లేవదు, మరి డ్రిబ్లింగ్ ఎలా చేస్తారు? జారుతూ పడుతూ చేతులు మార్చుకోవడమే. హాఫ్ టైమ్‌కు 15–4. ఆట ముగిసేసరికి 19–8. అమెరికాకు గోల్డ్! 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పీచ్ పండ్ల బుట్టలు గోడకు తగిలించి ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ అక్కడే ఉన్నారు. కెనడాలో పుట్టి అమెరికా పౌరుడైన ఆ పెద్దాయనే విజేతలకు మెడల్స్ అందించారు.

మెడల్ పట్టుకుని ఓడ ఎక్కి ఇంటికి వెళ్లిపోతే లుబిన్ కథ ఇక్కడితో అయిపోయేది. ఒలింపిక్ రికార్డు పుస్తకాల్లో ఒక లైన్‌గా మిగిలిపోయేవాడు. కానీ అతనికి ఓ ఆహ్వానం వచ్చింది.. అమ్మానాన్నల దేశం నుంచి.

ఓడిపోతున్న దేశం

బెర్లిన్ ఒలింపిక్స్‌లో లిథువేనియా లేదు. క్లైపెడా అనే ఓడరేవు ప్రాంతం విషయంలో జర్మనీకి, లిథువేనియాకు పడేది కాదు. అందుకే జర్మనీ ఆ దేశాన్ని పిలవనే లేదు. పిలిచినా బాస్కెట్‌బాల్‌లో ఏం చేసేదో చెప్పలేం.

ఎందుకంటే ఆ ఆటలో అప్పటికి లిథువేనియా చాలా వెనుకబడి ఉంది. నిజానికి అక్కడికి బాస్కెట్‌బాల్‌ను తెచ్చిందీ ఓ అమెరికా లిథువేనియనే. స్టెపోనాస్ దారియుస్ అనే పైలట్, 1920ల మొదట్లో అమెరికా నుంచి తిరిగొచ్చి ఆట రూల్స్ పుస్తకం రాశాడు, కుర్రాళ్లను కూడగట్టాడు. 1922 ఏప్రిల్‌లో కౌనస్‌లో తొలి మ్యాచ్ జరిగింది. (ఈ దారియుస్ కథ విషాదం. 1933 జూలైలో మరో పైలట్ గిరేనాస్‌తో కలిసి లిటువానికా అనే చిన్న విమానంలో న్యూయార్క్ నుంచి బయల్దేరి, ఆగకుండా అట్లాంటిక్ దాటేశాడు. కౌనస్‌కు ఇంకా 650 కిలోమీటర్ల దూరం ఉందనగా జర్మనీ అడవిలో విమానం కూలి ఇద్దరూ చనిపోయారు. ఆ దేశపు కరెన్సీ నోటు మీద వీళ్ల బొమ్మలు వేసుకున్నారు.)

1925లో లిథువేనియా తన తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి, లాత్వియా చేతిలో 20–41తో ఓడిపోయింది. 1935లో జెనీవాలో జరిగిన మొట్టమొదటి యూరప్ ఛాంపియన్‌షిప్ గెలిచింది కూడా లాత్వియానే. ఇంటి పక్కవాళ్లు ఛాంపియన్లు అవుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పాలా?

సరిగ్గా ఇలాంటి టైమ్‌లో ఒలింపిక్ గోల్డ్ మెడలిస్ట్, అదీ తమ రక్తమే అయినవాడు దేశంలో అడుగుపెట్టాడు. లుబిన్ అక్కడి ఆటగాళ్లకు పాఠాలు మొదలుపెట్టాడు. పేరు కూడా అక్కడి పద్ధతిలో ప్రానాస్ లుబినాస్ అయిపోయింది. అమెరికాలో ఆట ఎలా ఆడుతున్నారో పుస్తకంలో చదవడం వేరు, ఒలింపిక్ ఛాంపియన్ పక్కన నిలబడి చూపించడం వేరు కదా.

అతనొక్కడి వల్లే అంతా మారిపోయిందంటే అది అతిశయోక్తే. ఎందుకంటే మరికొందరు అమెరికా లిథువేనియన్లు కూడా ఇదే దారిలో వచ్చారు. చికాగో నుంచి వచ్చిన ఫెలిక్సాస్ క్రియౌచూనాస్, ప్రానాస్ టాల్జూనాస్ వారిలో ముఖ్యులు. 1937లో రీగాలో జరిగిన రెండో యూరప్ ఛాంపియన్‌షిప్‌లో లిథువేనియాను నడిపించింది క్రియౌచూనాసే. అక్కడ లుబిన్ ఆడలేదు. ఫైనల్లో ఇటలీ మీద 24–23తో లిథువేనియా గెలిచింది. మళ్లీ ఒక్క పాయింటే! (స్కోర్లు ఇంత తక్కువేంటి అనుకుంటున్నారా? అప్పుడు షాట్ క్లాక్ లేదు. ఎంతసేపైనా బంతిని తమ దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు.)

కౌనస్‌లో జనం పిచ్చెక్కిపోయారు. గెలిచిన దేశానికే తర్వాతి టోర్నీ నిర్వహించే ఛాన్స్. అంటే 1939లో యూరప్ మొత్తం కౌనస్‌కు రావాలి. అయితే పెద్ద ఇండోర్ హాల్ ఏది?

అప్పటికప్పుడు కట్టేశారు! అనటోలియుస్ రోజెన్‌బ్లియుమాస్ అనే ఇంజినీర్ డిజైన్ చేసిన కౌనస్ స్పోర్ట్స్ హాల్ టోర్నీ టైమ్‌కు రెడీ అయింది. యూరప్‌లో ప్రత్యేకంగా బాస్కెట్‌బాల్ కోసమే కట్టిన మొదటి హాల్ ఇదేనని చెబుతారు.

రెండు నెలల ముందు పోర్టు పోయింది

ఇక్కడ రాజకీయాలు చెప్పుకోకపోతే ఆ 37–36 విలువ అర్థం కాదు.

లిథువేనియా రాజధాని అసలు విల్నియస్. కానీ 1920 నుంచి అది పోలండ్ చేతుల్లో ఉంది. అందుకే కౌనస్‌ను తాత్కాలిక రాజధానిగా పెట్టుకున్నారు. ఈ గొడవతో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలే లేవు. 1938 మార్చిలో పోలండ్ అల్టిమేటమ్ ఇచ్చి మరీ సంబంధాలు పెట్టించుకుంది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1939 మార్చిలో ఇంకో అల్టిమేటమ్.. ఈసారి హిట్లర్ నుంచి. క్లైపెడా ఇస్తారా, చస్తారా అన్నట్టు. లిథువేనియాకు ఉన్న ఒకే ఒక్క పెద్ద ఓడరేవు అది. చిన్న దేశం, చేసేదేముంది? ఇచ్చేసింది.

అది జరిగిన రెండు నెలలకే టోర్నీ. మే 21 నుంచి 28 వరకు. మొత్తం ఎనిమిది దేశాలు. పోలండ్ జట్టు కూడా వచ్చింది. నాకౌట్ లేదు, ఫైనల్ లేదు. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఆడాలి, ఎక్కువ గెలిచినవాళ్లదే కప్పు. ఇలాంటి ఫార్మాట్‌లో ఒక్క మ్యాచ్ పోయినా కప్పు చేజారిపోవచ్చు. అలాంటప్పుడు మొదటే లాత్వియాతో ఢీ కొట్టాల్సి వచ్చింది.

ఈసారి ప్లేయర్-కోచ్ లుబిన్. వయసు 29. పక్కన మికోలాస్ రూజ్గిస్, వైటౌటాస్ బుద్రియూనాస్ లాంటి అమెరికా లిథువేనియన్లు. వాళ్లతో పాటు లియోనాస్ బాల్ట్రూనాస్, జెనోనాస్ పుజినౌస్కాస్, అర్తూరాస్ ఆండ్రులిస్ లాంటి స్థానిక కుర్రాళ్లు. కోర్టులో ఆడుతూ, ఊపిరి బిగబట్టి పరుగెడుతూ, ఎవరిని దింపాలో ఎవరిని ఆపాలో కూడా తనే చూసుకోవాలి. ఈ రోజుల్లో టాప్ లెవెల్‌లో ఎవరూ ఇలా చేయరు.

మ్యాచ్ ఎలా ముగిసిందో మొదట్లోనే చెప్పుకున్నాం. చివరి బాస్కెట్ లుబిన్‌దే. ఓడరేవు పోగొట్టుకుని, ఎప్పుడు ఏ ముప్పు వస్తుందో తెలియక బిక్కుబిక్కుమంటున్న జనానికి ఆ ఒక్క బంతి ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో!

మిగతా మ్యాచ్‌లన్నీ కూడా లిథువేనియా గెలిచేసింది. ఫిన్లాండ్ మీద స్కోరు చూస్తే నవ్వొస్తుంది.. 112–9! మొత్తం ఏడుకు ఏడు. వరుసగా రెండోసారి యూరప్ ఛాంపియన్. లాత్వియాకు రెండో స్థానం, పోలండ్‌కు మూడో స్థానం.

ఇది ఎవరి జట్టు?

కప్పు వచ్చింది. దాంతో పాటే గొడవా వచ్చింది.

లాత్వియా వాళ్లు మండిపడ్డారు. మేం మా కుర్రాళ్లతో ఆడుతుంటే, మీరు అమెరికా నుంచి మనుషుల్ని దింపుకుని గెలుస్తారా అన్నది వాళ్ల ఫిర్యాదు. అందరి వేలూ ఎక్కువగా చూపించింది లుబిన్ వైపే. అతను పొడుగు, పైగా ఒలింపిక్ ఛాంపియన్, పైగా అమెరికా జెర్సీలో. టోర్నీలో బెస్ట్ ప్లేయర్ గౌరవం కూడా అతనికి కాకుండా సహచరుడు రూజ్గిస్‌కు దక్కింది. (రూజ్గిస్ కూడా అమెరికా నుంచి వచ్చినవాడే. అది వేరే సంగతి!)

నిజం చెప్పాలంటే లాత్వియా బాధలో న్యాయం లేకపోలేదు. మూడేళ్ల క్రితం ఒక దేశానికి ఒలింపిక్ గోల్డ్ తెచ్చిన మనిషి, ఇంకో దేశానికి కోచ్‌గా, కెప్టెన్ స్థాయి ఆటగాడిగా వచ్చి మిమ్మల్ని ఒక్క పాయింట్‌తో ఓడిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఈ రోజు ఇది కుదిరే పనే కాదు. 17 ఏళ్లు దాటాక ఒక దేశం తరఫున పెద్ద టోర్నీ ఆడేస్తే, మామూలుగా ఇంకో దేశానికి మారనివ్వదు అంతర్జాతీయ సమాఖ్య. తర్వాత పౌరసత్వం తీసుకున్న ఆటగాళ్లు జట్టుకు ఒక్కరికి మించి ఉండకూడదు. అప్పట్లో ఇలాంటి కట్టుదిట్టమైన రూల్స్ లేవు. కాబట్టి లిథువేనియా చేసింది తప్పు అనలేం. గడుసుతనం అనొచ్చు.

ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. లుబిన్ డబ్బు కోసం అద్దెకు వచ్చిన ఆటగాడు కాదు. ఆ దేశం తన ఇంట్లో, అమ్మానాన్నల మాటల్లో ఉన్న దేశం. యుద్ధం అంచున నిలబడిన ఓ చిన్న రాజ్యంలో కాపురం పెట్టి, కుర్రాళ్లకు ఆట నేర్పి, వాళ్లతో కలిసి చెమటోడ్చాడు. మనవాడు కాదని లిథువేనియన్లు ఒక్కనాడూ అనుకోలేదు. వాళ్ల దృష్టిలో అతను దూరంగా పుట్టిన మనవాడు, అంతే.

దేశమే మాయమైపోయింది!

కప్పు ఎత్తి మూడు నెలలైనా తిరిగిందో లేదో.. 1939 ఆగస్టు 23న హిట్లర్ జర్మనీ, స్టాలిన్ సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. రహస్య పత్రంలో తూర్పు యూరప్‌ను పంచేసుకున్నాయి. సెప్టెంబర్ 1న పోలండ్ మీద దాడితో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. సెప్టెంబర్ ఆఖరుకు కుదిరిన కొత్త లెక్కలో లిథువేనియా సోవియట్ వాటాలోకి వెళ్లింది.

లుబిన్‌కు ఇక అక్కడ ఉండే పరిస్థితి లేదు. అమెరికా తిరుగు ప్రయాణం కట్టాడు. 1940 జూన్‌లో సోవియట్ సైన్యం లిథువేనియాలోకి దిగింది. ఆ ఏడాదిలోనే దేశం సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. 1941 జూన్‌లో వేలాది కుటుంబాలను రైళ్లెక్కించి సైబీరియాకు తరలించారు. ఆ వెంటనే జర్మన్ సైన్యం వచ్చింది, 1944లో మళ్లీ సోవియట్ సైన్యం. 1939 ఛాంపియన్ జట్టు చెల్లాచెదురైపోయింది. బాల్ట్రూనాస్ లాంటివాళ్లు యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా చేరి అక్కడ బతుకు వెతుక్కున్నారు. ఆండ్రులిస్ అమెరికా చేరాడు.

తన చేతుల మీదుగా ఛాంపియన్ అయిన జట్టుకు ఇక జెండా లేదు, జాతీయ గీతం లేదు. ఒక కోచ్‌కు ఇంతకంటే పెద్ద ఓటమి ఏముంటుంది? ఆ ఓటమి అతను ఆడని మ్యాచ్‌లో వచ్చింది.

కాలిఫోర్నియాకు తిరిగొచ్చిన లుబిన్ మళ్లీ సినిమా కంపెనీ జట్టులోనే చేరాడు. ఈసారి ట్వంటియత్ సెంచరీ ఫాక్స్. 1941లో ఆ హాలీవుడ్ జట్టు అమెరికా అమెచ్యూర్ జాతీయ ఛాంపియన్ అయింది. కంపెనీ జట్ల కాలం ముగిసి ప్రొఫెషనల్ లీగ్ వచ్చేసరికి లుబిన్ వయసు నలభైకి దగ్గరపడింది. ఆ డబ్బూ ఆ పేరూ తర్వాతి తరానికి దక్కాయి. యూసీఎల్ఏ మాత్రం అతన్ని మర్చిపోలేదు. తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది.

హాల్ మిగిలింది.. ఆట మిగిలింది

జెండా మారింది గానీ కౌనస్‌లో ఆ హాల్ అక్కడే ఉంది. అందులో ఆట కూడా ఆగలేదు. 1944లో పుట్టిన జల్గిరిస్ క్లబ్ ఆ హాల్‌నే ఇల్లు చేసుకుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో తొలిసారి బరిలోకి దిగిన సోవియట్ జట్టు సిల్వర్ గెలిస్తే, అందులో స్టెపాస్ బుటౌటాస్, కజిస్ పెట్కెవిచియుస్, జస్టినాస్ లగునావిచియుస్ లిథువేనియా వాళ్లే. ఫైనల్లో వాళ్లను ఓడించింది అమెరికా. లుబిన్ పుట్టిన దేశం ఒకవైపు, ఆట నేర్పిన దేశపు కుర్రాళ్లు ఇంకోవైపు!

1980ల్లో 221 సెంటీమీటర్ల అర్విడాస్ సబోనిస్ వచ్చాడు. మాస్కో సైన్యం జట్టు సీఎస్‌కేఏ మీద జల్గిరిస్ గెలిచిన ప్రతిసారీ లిథువేనియాలో పండగే. 1985, 86, 87.. వరుసగా మూడేళ్లు సోవియట్ టైటిల్ జల్గిరిస్‌దే. రోడ్డెక్కి జెండా ఎగరేయడానికి వీల్లేని జనం బాస్కెట్‌బాల్ గ్యాలరీలో కూర్చుని తమ కసి తీర్చుకునేవాళ్లు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ గోల్డ్ గెలిచిందంటే సబోనిస్, మార్చులియోనిస్, ఖోమిచియుస్, కుర్తినైటిస్.. ఈ నలుగురు లిథువేనియన్ల పుణ్యమే చాలావరకు.

1990 మార్చి 11న లిథువేనియా మళ్లీ స్వతంత్రం ప్రకటించుకుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు సొంత జెండాతో వెళ్లింది. ఆగస్టు 8న బ్రాంజ్ మెడల్ మ్యాచ్‌లో ఎదురుపడింది ఎవరో కాదు.. పాత సోవియట్ దేశాల ఉమ్మడి జట్టు. స్కోరు 82–78. లిథువేనియా గెలిచింది. అప్పటికి లుబిన్ వయసు 82. లిథువేనియన్లు అతన్ని తమ బాస్కెట్‌బాల్‌కు తాతగారు అని పిలుచుకుంటారు. దేశం తప్పిపోయిన యాభై ఏళ్లలోనూ ఆ పిలుపు పోలేదు.

1999 జూలై 8న కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో లుబిన్ కన్నుమూశాడు. 89 ఏళ్లు. అప్పటికి యూరప్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆఖరి లిథువేనియా జట్టు ఏదంటే.. 1939లో అతను నడిపించిన జట్టే. ఆ తర్వాత నాలుగేళ్లకు, 2003 సెప్టెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఫైనల్లో స్పెయిన్‌ను 93–84తో ఓడించి లిథువేనియా మూడోసారి కప్పు ఎత్తింది. రెండో కప్పుకూ మూడో కప్పుకూ మధ్య 64 ఏళ్లు గడిచాయి.